ఒక్క ఏడాదిని గోడకెక్కించడం: 1953తో చేసి చూపిస్తాను

శాఖా గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్లూ బడిపిల్లలు నన్ను ఎక్కువగా అడిగింది ఒకటే: "మేడమ్, ఫలానా సంవత్సరంలో జరిగిన ముఖ్య సంఘటనలు కావాలి." ఇయర్‌బుక్ తీసిస్తే ఇరవై లైన్లు ఎక్కించుకుని, కింద గీత గీసి వెళ్లిపోయేవారు. ఆ ఇరవై లైన్లు ఒకే ఊళ్లో ఉంటూ పలకరింపుల్లేని ఇరుగుపొరుగులా ఉండేవి. దేనివల్ల ఏది జరిగిందో రాసిన పిల్లకీ తెలియదు, దిద్దిన మాస్టారికీ తెలియదు. అందుకని ఏడాదికో సంవత్సరాన్ని తీసుకుని గ్రంథాలయ వారోత్సవాలకు గోడపత్రికగా కట్టించడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక కూడా బళ్లవాళ్లు పిలుస్తుంటారు. నేను చేయించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. పట్టుకున్న సంవత్సరం 1953, దేశం మనదే.

ముందుగా ఒక షరతు. 1953లో బతికున్న మనిషికి 1956 తెలియదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం తప్పులు పోతాయి. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. దాన్ని పిల్లలు దాదాపు ప్రతిసారీ "ఆంధ్రప్రదేశ్ అవతరణ" అని రాస్తారు. ఆంధ్రప్రదేశ్ మూడేళ్ల తర్వాత, 1956 నవంబరు 1న వచ్చింది. కర్నూలు సభలో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలే లేదు. మీ కార్డుకూ తెలియకూడదు.

కార్డులని ఎందుకన్నానంటే, ఈ పని నోట్‌బుక్కులో మొదలుపెడితే చెడుతుంది. నోట్‌బుక్కులో ఒకసారి రాసింది కదలదు. మేము పాత కేటలాగు కార్డుల వెనక వైపు వాడేవాళ్లం. ఇప్పుడు అవి దొరకవు కాబట్టి డ్రాయింగు అట్టను పోస్టుకార్డు సైజులో కోయించండి. ఒక కార్డు మీద ఒకే సంగతి ఉండాలి. పైన తేదీ, దాని కింద ఊరు, తర్వాత ఏం జరిగిందో రెండు వాక్యాల్లో. అడుగున "దీనికి ముందు ఏది" అని ఒక ఖాళీ గీత వదలండి. వెనక వైపు ఎక్కడ చూసి రాశారో రాయాలి. తేదీని మొదట పెన్సిలుతో రాసి, రెండో చోట కూడా అదే తేదీ కనబడ్డాక ఎర్ర సిరాతో దిద్దండి. గోడ మీదికి ఎర్ర తేదీ ఉన్న కార్డే ఎక్కాలి. దీంట్లో మాత్రం నేను మొహమాటపడను.

సంవత్సరం ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. 1947 వద్దు. అందరూ చేసేశారు, పైగా పిల్లలు ఆగస్టు 15 దగ్గర ఆగిపోతారు. అప్పటి సంగతులు చెప్పగల పెద్దలు ఊళ్లో ఒకరిద్దరైనా ఉండాలి, అప్పటి పత్రికలు చూడటానికి దొరకాలి, దేశం కథలో మన జిల్లా ఎక్కడో ఒకచోట తగలాలి. 1953కి ఈ మూడూ ఉన్నాయి. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరండి. అదీ కుదరకపోతే ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించిన పాత పత్రికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. పార్లమెంటు చర్చలు కూడా డిజిటల్ లైబ్రరీలో దొరుకుతాయి. కాగితం పత్రికైతే వేలు తడిచేసి పేజీ తిప్పొద్దు. అంచులు పొడై రాలతాయి. రెండు చేతులతో తిప్పి, ఫోనుతో ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి తీరిగ్గా చదవండి.

ఇక మొదటి కార్డు. అది జనవరి 1 అయితే మీరు ఇయర్‌బుక్ చూసి రాస్తున్నారని అర్థం. ఏ సంవత్సరమైనా దానికి ముందటి ఏడాది చివర్లోనే మొదలవుతుంది. 1953 మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో మొదలైంది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు అక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి, కన్నుమూశారు. తెలుగు జిల్లాల్లో అల్లర్లు, కాల్పులు జరిగాయి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని లోక్‌సభలో ప్రకటించారు. వివాదం లేని తెలుగు ప్రాంతాలతోనే ఇస్తామన్నారు, మద్రాసు నగరం అందులో లేదు. ఇవన్నీ 1952 తేదీలే. వీటిని వేరే రంగు అట్ట మీద రాసి, గోడకు ఎడమ చివర, జనవరికి ముందు పెట్టండి. ఇవి లేకుండా 1953లో ఏదీ అర్థం కాదు.

తర్వాత ఈ దారం పట్టుకుని నడవండి. రాష్ట్రం ఇస్తామన్నాక లెక్కలు తేల్చడానికి రాజస్థాన్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి వాంఛూ గారిని వేశారు. ఆయన ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. మార్చి 25న నెహ్రూ పార్లమెంటులో అక్టోబరు 1 తేదీ చెప్పారు. బళ్లారి పేచీ మిగిలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ, మిగతా జిల్లాలో ఎక్కువ భాగం మైసూరుకూ వెళ్లాయి. బళ్లారి తాలూకా మాట తేల్చడానికి హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మిశ్రా గారిని పంపారు. అదీ మైసూరుకే పోయింది. ఆంధ్ర రాష్ట్ర చట్టానికి సెప్టెంబరు 14న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అక్టోబరు 1న నెహ్రూ కర్నూలు వచ్చారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నరు. రాజధాని రాయలసీమకే ఎందుకొచ్చిందో తెలియాలంటే 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా వెళ్లాలి. దానికీ ఒక వేరే రంగు కార్డు. అప్పటి కర్నూలులో ఆఫీసులకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, పిల్లలు ఇక వదిలిపెట్టరు. ఫైళ్లు ఎక్కడ పెట్టారు, వానొస్తే ఏం చేశారు అని అడుగుతారు. అడగనివ్వండి. ఆ ప్రశ్నల్ని కూడా కార్డుల మీద రాయించండి, పెద్దల దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తాయి.

ఎక్కువ తగాదాలు వచ్చేది తేదీల దగ్గర. ఒక సంస్థకు నాలుగు పుట్టినరోజులు ఉంటాయి: చేద్దామని తీర్మానించిన రోజు, ప్రారంభించిన రోజు, పనిచేయడం మొదలైన రోజు, చట్టం వచ్చిన రోజు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌ను 1953 డిసెంబరు 28న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించారు. చట్టం వచ్చింది 1956లో. ఇద్దరు పిల్లలు రెండు సంవత్సరాలు రాసుకొచ్చి కొట్టుకుంటే ఇద్దరికీ మార్కులివ్వండి, కాకపోతే కార్డు మీద "ప్రారంభం" అన్న మాట తప్పకుండా ఉండాలి. సంగీత నాటక అకాడమీకి 1952లో తీర్మానం జరిగింది, 1953 జనవరి 28న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. జాతీయ చలనచిత్ర పురస్కారాలు మరీ చిక్కు: తొలిసారి ఇచ్చింది 1953 నాటి చిత్రాలకు, ఇచ్చింది 1954లో. 1953 గోడ మీద వాటికి చోటు లేదన్నది నా అభిప్రాయం. ఆ ఏడు సినిమా తీసినవాడికి అలాంటి బహుమతి ఒకటి రాబోతోందని తెలియదు కదా.

జరిగిన రోజు వేరు, జనానికి తెలిసిన రోజు వేరు. టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కింది మే 29న. లోకానికి తెలిసింది జూన్ 2న, లండన్‌లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం నాడు. మే 30 పత్రికలో వెతికి "ఏమీ లేదు మేడమ్" అని వచ్చే పిల్ల ఎప్పుడూ ఒకతె ఉంటుంది. ఇలాంటి వాటికి రెండు కార్డులు రాసి మధ్యలో దారం కట్టండి. కశ్మీర్‌లో షేక్ అబ్దుల్లాను ప్రధాని పదవి నుంచి (అప్పట్లో అక్కడ అలాగే పిలిచేవారు) తొలగించింది ఆగస్టు 8న, అరెస్టు చేసింది ఆ తెల్లవారుజామున, అంటే 9న. పుస్తకాల్లో రెండు తేదీలూ కనబడతాయి. రెండూ ఒప్పే. ఏది దేనికో రాయాలి, అంతే.

తెలుగు సంవత్సరం సంగతి మర్చిపోవద్దు. ఉగాది ముందు దాకా నందన, ఉగాది నుంచి విజయ. పాత పెళ్లిపత్రికల్లోనూ దస్తావేజుల్లోనూ విజయనామ సంవత్సరం అని ఉంటుంది. ఫోనులో వెతికితే మాత్రం 2013 చూపిస్తుంది, ఎందుకంటే అరవై ఏళ్లకు అదే పేరు తిరిగొస్తుంది. పత్రిక కాగితం, అచ్చు చూస్తే ఏ విజయో తెలిసిపోతుంది. పెళ్లిపత్రిక తెచ్చిన పిల్లకు నేను ఒక పెన్సిలు ఎక్కువిచ్చేదాన్ని.

ఇప్పుడు పటం. 1953 పటాన్ని ఇప్పటి పటం మీద గీయొద్దు, వేరేగా గీయించండి. అక్టోబరు దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం, రాజాజీ ముఖ్యమంత్రి. తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. అందులో మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉన్నాయి. బూర్గుల రామకృష్ణారావు అక్కడి ముఖ్యమంత్రి, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖ్, అంటే గవర్నరు లాంటి పదవి. యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో, గోవా పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్నాయి. భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, అంటే ఆంధ్ర రాష్ట్రంలో. ఆంధ్ర రాష్ట్రానికి పదకొండు జిల్లాలు. ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం గారు ముఖ్యమంత్రిగా ఉన్న ఏడాదికి "ఒంగోలు, ప్రకాశం జిల్లా" అని రాసుకొచ్చేవాళ్లు ఏటా తగులుతారు. ఆ జిల్లా 1970 దాకా లేదు. డబ్బులు కూడా అప్పటివే రాయండి. రూపాయికి పదహారణాలు. నయాపైసలు 1957లో వచ్చాయి. "ఇప్పటి విలువలో ఇంత" అని లెక్కగట్టబోయే మాస్టార్లను మర్యాదగా ఆపండి.

తెలంగాణ వాళ్ల బడిలో ఇది చేయిస్తుంటే అక్టోబరు 1 కార్డు పక్కన ఇంకో కార్డు ఉండాలి. సరిగ్గా ఆ రోజే వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా ఏర్పాటు చేశారు. ఒకే తేదీన ఒక చోట రాష్ట్రం, పక్క రాష్ట్రంలో జిల్లా. ఒకదానికి నెహ్రూ వచ్చారు, ఇంకోదాన్ని ఆ జిల్లావాళ్లు తప్ప ఎవరూ తలుచుకోరు. గోడ మీద రెండూ ఒకే ఎత్తులో పెట్టండి.

మనుషుల దగ్గర నా పద్ధతి కొంచెం మొండిది. "ఈ ఏడాది పుట్టినవారు" అన్న జాబితా నేను పెట్టనివ్వను. 1953లో పుట్టినవాడు 1953లో పాలు తాగాడు, అంతకు మించి ఏమీ చేయలేదు. పోయినవాళ్లను పెట్టొచ్చు, ఎందుకంటే వాళ్లు పోవడంతో ఆ ఏడాదికి ఏదో తగ్గింది. కేంద్రమంత్రి గోపాలస్వామి అయ్యంగార్ ఫిబ్రవరిలో, జనసంఘ్ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ జూన్ 23న శ్రీనగర్‌లో నిర్బంధంలో ఉండగా, రాజ్యాంగ సలహాదారుగా పనిచేసిన బి.ఎన్. రావు నవంబరు 30న పోయారు. ముఖర్జీ గారి కార్డును ఆగస్టులోని అబ్దుల్లా కార్డు దగ్గరికి తీసుకెళ్లండి. రెండూ కశ్మీరు సంగతులే, మధ్యలో ఏడు వారాలైనా లేవు.

బతికున్నవాళ్లలో, ఆ ఏడు రెండు చోట్ల కనబడేవాళ్లను ముందు వెతకండి. దుర్గాబాయి గారిని చూడండి. జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పెళ్లయింది, ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వచ్చింది, దానికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. రాజమండ్రి అమ్మాయికి ఒకే ఏడాదిలో రెండు కార్డులు! మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ తెలుగువారు, సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షుడు ఆయనే. జడ్జికి నాటకాలతో ఏం పని అని పిల్లలు అడుగుతారు. ఆయన నాటకాలు రాసేవారు. విజయలక్ష్మీ పండిట్ సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు అధ్యక్షురాలయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ. జూలైలో కొరియా యుద్ధం ఆగాక స్వదేశాలకు వెళ్లనన్న ఖైదీల సంగతి చూసే కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యారు. ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెడితే ఆ రోజుల్లో లోకం మన దేశాన్ని ఏ పనికి పిలిచిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆటలకు ఒక్క కార్డు చాలు: వెస్టిండీస్ క్రికెట్ పర్యటనలో సిరీస్ పోయింది, సుభాష్ గుప్తే 27 వికెట్లు తీశాడు. ఇంకొందరికి ఇంకా కావాలి, నాకు అక్కర్లేదు.

ఆగస్టుకు మాత్రం గోడ మీద ఎక్కువ జాగా వదలండి. 1న విమాన సంస్థలు జాతీయమయ్యాయి. ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయింది, వాటిలో బేగంపేట డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. గోదావరికి పెద్ద వరద వచ్చింది. కశ్మీరు గొడవ. ఆంధ్ర బిల్లు. ఇలా ఒకే నెలలో కుప్పపడితే పిల్లలు సమంగా పరచడానికి చూస్తారు, ఏప్రిల్ వెలితిగా ఉందని రైల్వే శతజయంతి కార్డును పెద్దది చేస్తారు. వద్దు. ఏప్రిల్ 16న రైలుబండికి నూరేళ్లు నిండాయి, తపాలా బిళ్ల వేశారు, అంతే. వెలితి నెల వెలితిగానే ఉండనివ్వండి. తపాలా బిళ్లలు మాత్రం వదలొద్దు. ఎవరెస్టు బిళ్ల అక్టోబరు 2న వచ్చింది. పాత బిళ్లలు దాచుకున్న మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు, అడిగితే ఆల్బం మొత్తం తెచ్చి చూపిస్తాడు.

పెద్దల దగ్గరికి కార్డులన్నీ రాశాకే వెళ్లండి. "1953లో ఏం జరిగింది తాతయ్యా?" అంటే ఏ తాతయ్యా చెప్పలేడు. గోదావరి పక్క ఊళ్లలో "పెద్ద వరదొచ్చిన ఏడు మీరు ఏ తరగతి?" అని మొదలుపెట్టండి. కర్నూలు వైపు అయితే డేరాలు అడగండి. అయితే గోదావరి వరదలు చాలా వచ్చాయి, 1986 వరద జ్ఞాపకం వచ్చి 1953 మీద కూర్చుంటుంది. "అప్పటికి మీ పెళ్లయిందా, మీ ఊరికి కరెంటొచ్చిందా?" అని పక్కనుంచి అడిగితే ఏ వరదో తేలుతుంది. ధరలు మొదటే అడగొద్దు. బియ్యం ధర ఎత్తితే ఇక గంటసేపు బియ్యం ధరే. వాళ్లు చెప్పింది నీలం సిరాతో, వాళ్ల మాటల్లోనే రాయండి. పత్రికతో కుదరకపోయినా దిద్దొద్దు, పక్కన పత్రిక కార్డు పెట్టండి. వాళ్ల పేరు వేయాలంటే ముందు అడగాలి. వద్దంటే "మా వీధి అమ్మమ్మ" చాలు.

అతికించేటప్పుడు గోడను పన్నెండు గడులుగా గీయొద్దు. ఒక పొడుగాటి దారం కట్టి, కార్డులను బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. కార్డు అడుగున వదిలిన "దీనికి ముందు ఏది" గీత నింపిన కార్డుల మధ్య రంగుదారం. ఏ దారమూ తగలని కార్డులు కొన్ని మిగులుతాయి. మాకు గుప్తే ఎప్పుడూ ఒంటరిగానే మిగిలేవాడు. ఫర్వాలేదు. కార్డులు అయిదో తరగతి పిల్లల కంటి ఎత్తులో ఉండాలి. పెద్దవాళ్లు వంగి చదువుకుంటారు.

కుడి చివర డిసెంబరు. 22న నెహ్రూ రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు కమిషన్ వేస్తామన్నారు, 29న తీర్మానం వచ్చింది. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. ఈ కార్డు నుంచి వెనక్కి దారం కడితే కర్నూలు మీదుగా సాంబమూర్తి గారి ఇంటిదాకా వెళుతుంది. ముందుకు మాత్రం ఏమీ కట్టొద్దు. దాని పక్కన "ఇంకా తేలనివి" అని పెద్ద అక్షరాలతో రాసి నాలుగు కార్డులు పెట్టండి: కొత్త రాష్ట్రానికి ఇంకా హైకోర్టు లేదు, మద్రాసు హైకోర్టే గతి. కొరియాలో ఖైదీలు మన సైన్యం కాపలాలోనే ఉన్నారు. అబ్దుల్లా జైల్లో ఉన్నారు. వెనుకబడిన తరగతుల మీద జనవరిలో వేసిన కాకా కాలేల్కర్ కమిషన్ ఇంకా తిరుగుతోంది. చూడటానికి వచ్చినవాళ్లు "తర్వాత ఏమైంది?" అని అడిగితే పిల్లలు 1954 ఎవరు కడతారో పేర్లు రాయించుకోవాలి. అందుకు ఒక ఖాళీ కాగితం, దారంతో కట్టిన పెన్నూ అక్కడే వేలాడదీయండి. పెన్ను కట్టకపోతే సాయంత్రానికి ఉండదు.